జంట నృత్యమున తొలి యడుగులు

మొన్నటి దసరా సెలవులలో మా పూర్వ విద్యార్థి యొకడు బెంగుళూరినుండి గోరంట్లకు వచ్చి, మా యింటి వసారాలో నాకొక క్రొత్త నృత్యమును జూపెను. దాని పేరు లిండీ హాప్. స్వింగు నృత్యములని పిలువబడువానిలో నిది ప్రసిద్ధమైనది. అతడు పగలెల్ల నుద్యోగము చేసికొనుచు, వారమున కొక సాయంకాలము దానిని నేర్చుకొనుచున్నాడట. "అయ్యవారూ, మీరు మాకు కోలాటము నేర్పినప్పుడు చెప్పిన మాటలనే యక్కడి గురువు ఇంగ్లీషులో చెప్పుచున్నాడు" అని యతడనగా నేను మొదట నమ్మలేదు. పిమ్మట నతడు నాలుగడుగులు వేసి చూపగా నా కాళ్లు వానియంతట నవియే కదలసాగెను. ఈ సంచికకు నేర్చుకొనదగిన విషయ మేదైన వ్రాసి యిమ్మని సంపాదకులు కోరియున్నారు. కావున ఈ రెండాటల తొలి పాఠములను, నేను నేర్పిన రీతిని, నేర్పుటలో నేను చేసిన యొక పొరపాటును గూడ దాచక యిందు వ్రాయుచున్నాను.

ముందుగా నా క్రొత్త యాట పుట్టుకను గూర్చి కొంత. న్యూయార్కు నగరములోని హార్లెము అను భాగమున నప్పట నల్లజాతివారు విశేషముగా నివసించుచుండిరి. అచ్చట 1926లో సావోయ్ అను పెద్ద నాట్యశాల తెరువబడెను. ఈ కొన వీధినుండి ఆ కొన వీధివరకు వ్యాపించిన శాల యది. అందు బ్యాండువారికి రెండు వేదికలుండెను. ఒక మేళము ముగియుసరికి రెండవది యందుకొనెడిది. తెల్లవారును నల్లవారును ఒక్కచోట గూర్చుండుటకే పెక్కు స్థలములలో వీలులేని యా దినములలో, ఈ శాలలో నెల్లరును ఒక్క నేలమీద నాడుచుండిరి. 1927లో లిండ్‌బర్గు అను నతడు ఒంటరిగా విమానమున అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. అతని పేరే యీ నృత్యమునకు బెట్టిరని చెప్పుదురు. ఆ శాలలో బేరుగాంచినవారిలో ఫ్రాంకీ మానింగ్ అనునతడు 1935లో తన జతకత్తెను వీపుమీదుగా గాలిలోనికి ద్రిప్పి నేలకు దింపు విద్దెను మొదలుపెట్టెను. 1958లో శాల మూతపడెను. మానింగు తపాలా కచ్చేరిలో ముప్పది యేండ్లవరకు ఉద్యోగము చేసి, డెబ్బది యేండ్లు పైబడిన పిమ్మట మరల బయలుదేరి, 2009లో చనిపోవువరకు దేశదేశముల యువకులకు ఈ యాటను నేర్పెను. మా విద్యార్థి వేసి చూపిన యడుగు ఇట్లు చేతులు మారి మారి గోరంట్ల వసారావరకు వచ్చినది.

కోలాటమో, మనకు క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని యగు జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళిలో కోలలతో నాడు దండరాసకము చెప్పబడియున్నది. హంపిలోని మహానవమి దిబ్బ గోడలపై కోలలు బట్టి యాడు స్త్రీల బొమ్మలను నేటికిని జూడవచ్చును. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు పేస్ అనునతడు రాజమందిరములోని నాట్యశాలను జూచి వ్రాసిన సంగతి యొకటి ఉపాధ్యాయుల కెల్లరకు నచ్చదగినది. ఆ శాల పలకలపై ఒక్కొక్క నృత్యము ముగియునప్పటి నిలువు చెక్కబడి యుండెనట. నేర్చుకొను బాలికలు ముగింపు నిలువును మరచినచో, తల యెత్తి యా బొమ్మను జూచి సరిచేసికొనెడివారట. శరీరమును సాగదీసికొనుటకు చేతులతో బట్టుకొను తావుగూడ నచ్చట నేర్పరచియుండిరట. అయిదు వందల యేండ్ల క్రిందటి నల్లబల్ల యది యనవచ్చును. హిందూపురము దగ్గరి లేపాక్షికి విహారయాత్రకు పోయినవారు నాట్యమండపమున మూడు కాళ్ల భృంగిని జూచియే యుందురు. ఆయన సంగతి మరల వచ్చును.

ఇక పాఠము. మొదటి దినమున కోలలు చేతి కియ్యరాదు. పాటయు నక్కరలేదు. పిల్లలను వరుసగా నిలిపి, నాలుగు మాత్రలు లెక్కించుచు, ఉన్నచోటనే కుడి, ఎడమ, కుడి, ఎడమ అని నడిపింపవలెను. ఇంతేకదా యని నవ్వుదురు. నవ్వనిమ్ము. నడుమ హఠాత్తుగా నీల వేసి, "ఒక కాలెత్తుడు" అనవలెను. సగముమంది తటాలున నెత్తుదురు. తక్కినవారు ఏ కాలెత్తవలెనో తెలియక నిలిచిపోవుదురు. అట్లు నిలిచినవారు అడుగు వేయుచున్నామనుకొని పాదమును నేలకు దాకించుచున్నారే గాని, దేహభారమును దానిమీదికి మార్చుట లేదు. బరువు రెండు కాళ్లమీదను నుండినయెడల తరువాతి యడుగునకు ఖాళీ కాలుండదు. నృత్యమున తడబాటు లనునవి పదింట తొమ్మిది యిక్కడనే పుట్టును. బెంగుళూరి గురువు మొదటి వారమెల్ల చెప్పినది ఇదియేనట.

రెండవది లయ. స్వింగనగా ఊగుట. పాటలోని ప్రతి మాత్రను రెండు తునకలు చేసినచో, మన నడకలలో తరచుగా నవి సమానముగా నుండును. స్వింగునందు మొదటి తునక నిడివి, రెండవది పొట్టి. తకిట యను మూడక్షరములలో మొదటి రెంటిని గలిపి "తా-ట, తా-ట" అనుచు చేతులు తట్టుచు చూడుడు. చెట్టుకొమ్మకు గట్టిన ఊయల పోయి వచ్చినట్లు తోచును. మన చాల కోలాటపు పాటలలో నీ మూటి నడకయే యున్నది. అందుచేతనే ఆ దినమున నా కాళ్లు మోసపోయినవి.

ఆ యాటలోని ప్రాథమికమైన యడుగు ఆరు మాత్రలది. మొదటి మాత్రకు ఒక కాలు వెనుకకు వేసి, రెండవ మాత్రకు బరువును మరల ముందుకాలిమీదికి దేవలెను. మూడు, నాలుగు మాత్రల కాలములో మూడు చిన్న యడుగులు. అయిదు, ఆరు మాత్రల కాలములో రెండవ ప్రక్కకు మరల మూడు చిన్న యడుగులు. రెండు మాత్రలలో మూడడుగులు వేయుట భృంగికి సులభము. మనకు రెండే కాళ్లుగదా, వారము దినములు పట్టును. పాటయో, ఎనిమిది మాత్రల కొకమారు తిరుగును. ఆరు మాత్రల యడుగు ఎనిమిది మాత్రల పాటమీద నడచునప్పుడు రెండును ఎప్పుడు కలిసి మొదలగును? ఆరు, ఎనిమిదుల క.సా.గు. 24. అనగా నాలుగడుగులకు మూడు పాట చుట్లు. ఇది తెలియని క్రొత్తవారు రెండవ యడుగునకే తాము తప్పితిమని భయపడి యాగిపోవుదురట. తప్పలేదు, లెక్క యట్లున్నది.

ఇప్పుడు కోలలు. మోచేతినుండి అరచేతి నడుమవరకు వచ్చు పొడవును, బొటనవ్రేలంత లావును జాలును. చేవగల కొయ్య చక్కగా నెండినదైన కంగుమని మ్రోగును, పచ్చిదైన చప్పబడును. క్రింది కొనను నాలుగు వ్రేళ్లతో బట్టి, బొటనవ్రేలిని మీద నానింపవలెను. పిడికిలి బిగింపరాదు. బిగించినచో దెబ్బ మణికట్టునుండి రాక భుజమునుండి వచ్చును. ఎదుటివాని వ్రేళ్లకు నొప్పి. నా యెడమచేతి నడిమివ్రేలి కణుపు నేటికిని కొంచెము వంకర. అది నా చిన్నతనమున బిగించి పట్టిన యొక నేస్తుని జ్ఞాపకము. అతని చేతిమీద నా జ్ఞాపకమును ఉండియే యుండును.

నేను నేర్పిన జంట కోపు ఇది. ఒకటవ మాత్రకు తన కోలలు రెంటిని తానే తాకింపవలెను. రెండవదానికి తన కుడి కోలతో ఎదుటివాని కుడి కోలను, మూడవదానికి మరల తనవి రెంటిని, నాలుగవదానికి ఎడమతో నెడమను. ఎదురెదురుగా నిలిచినవారి కుడిచేతులు ఏటవాలుగా నుండును గనుక కోల దేహపు నడుమ గీతను దాటిపోవలెను. క్రొత్తవారు దీనిని మరచి తిన్నగా కొట్టి, గాలిని గొట్టుదురు. కోలల పైభాగములు రెండును ఱొమ్మెత్తున గలియవలెను. పొడుగైనవాడు తన చేయి దింపవలెను గాని, పొట్టివానిని నిక్కింపరాదు. చూపు కోలలమీద గాక ఎదుటివాని ముఖముమీద నుండవలెను. కోల యెక్కడికి వచ్చునో అతని భుజమే ముందుగా చెప్పును.

దెబ్బ యెంత యుండవలెనని పిల్లలడుగుదురు. మాటలతో చెప్పుట కష్టము. స్వింగునందు కోలలుండవు, జంటవా రిరువురును వ్రేళ్లను వ్రేళ్లలో తగిలించి పట్టుకొందురు. ఆ పట్టును గూర్చి మా విద్యార్థి చెప్పుచుండగా నాకు బావిచేద తోచెను. త్రాడు వదులైన చేద యెక్కడనున్నదో చేతికి తెలియదు. గుంజినచో నీళ్లు తొణకును. నీళ్ల బరువు చేతికి దెలియుచుండవలెను, అంతే. కోలదెబ్బయు నంతే. నీ దెబ్బను ఎదుటికోల నిలిపి నీకు దిరిగి యియ్యవలెను. నీవొక్కడవే కొట్టిన మ్రోగదు.

తలిదండ్రులలో గొందరు బాలురును బాలికలును జంటలుగా నాడుట సరియా యని నన్నడిగినారు. కోలాటమున చేయి చేతిని దాకదు. నడుమ నడుగు కొయ్య యుండును. మా పాఠశాలలో బాలికలు బాలికలతోను, బాలురు బాలురతోను, కలిసియు నాడినారు. ఎవరి కోల యెవరిదని నేను జూడలేదు. స్వింగునందు నడిపించువా రొకరు, అనుసరించువా రొకరు. ఆ పాత్రలను స్త్రీ పురుషులలో నెవరైనను వహింపవచ్చునని నేడు నేర్పుచున్నారట. కోలాటమున నా భేదము గూడ లేదు. నడిపించునది గురువు నోటనున్న ఈల.

పైని చెప్పిన నాలుగు మాత్రలు రెండుమారు లైన పిమ్మట, తరువాతి నాలుగు మాత్రలలో ప్రతివాడును తన కుడివైపున కొక స్థానము జరిగి, క్రొత్త జంటను గూడవలెను. వలయములు రెండు: లోపలివారు వెలుపలికి మొగము పెట్టి, వెలుపలివారు లోపలికి మొగము పెట్టి నిలుతురు. అందుచేత కుడివైపునకు జరుగుటలో లోపలి వలయ మొక దిక్కునకును, వెలుపలి వలయము దాని కెదురు దిక్కునకును తిరుగును. చూచుటకు తిరుగలి తిరిగినట్లు ముచ్చటగా నుండును. నా పొరపాటిక్కడనే యున్నది.

పదేండ్లు దాటినది. వార్షికోత్సవమునకు పదునారుగురిని ఎన్నుకొని, ఎనిమిది జంటలుగా చింతచెట్టు క్రింద సాయంకాలము లభ్యాసము చేయించుచుంటిని. వారిలో తొమ్మిదవ తరగతి బాలు రిరువురు దాయాదుల బిడ్డలు. వేరుశనగ చేలనడుమ నొక బండిబాటను గూర్చియు, బోరుబావి నీటి వంతును గూర్చియు ఆ రెండిండ్లకు వ్యాజ్యము నడుచుచుండెను. పిల్లలు రెండేండ్లనుండి మాటలాడుకొనరు; ఒక బల్లమీద గూర్చుండరు. నేను వారితో నేమియు ననక, ఒకనిని లోపలి వలయమునను మరొకనిని వెలుపలి వలయమునను నిలిపితిని. తిరుగుచు తిరుగుచు వారే యెదురుపడుదురు గదా యని నా యెత్తు. దినములు గడచినవి. తగవు లేదు, ముఖములు ముడుచుకొనుట లేదు. నా యుపాయము ఫలించినదని లోలోన గర్వించితిని.

ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలిక వచ్చి, "అయ్యవారూ, నా యెదుటికి నలుగురే వచ్చుచున్నారు. తక్కిన నలుగురు ఎన్నడును రారు" అనెను. "ఎనిమిదిమంది తిరుగుచుండగా నలుగురే యెట్లు వత్తురు? నీవు లెక్క తప్పితివి" అని పంపివేసితిని. ఆమె మారుమాట యాడక పోయినది గాని, ఆ చూపు నన్ను వదలలేదు. రాత్రి భోజనమైన పిమ్మట నేలమీద లోపల ఎనిమిది చింతగింజలను, వెలుపల ఎనిమిది వేరుశనగకాయలను పేర్చి జరిపి చూచితిని. రెండు వలయములును ఎదురు దిక్కులకు జరుగుటచే, ఒక్కమారు జరుగగానే ఎదుటివాడు ఒక స్థానము గాక రెండు స్థానములు దాటిపోవుచున్నాడు. కావున నా కెదురుగా ఇప్పుడున్నవాడు, వానినుండి రెండవవాడు, నాలుగవవాడు, ఆరవవాడు మాత్రమే వత్తురు; నాలుగవమారు జరుగగా మరల మొదటివాడే. ఒకటవ, మూడవ, అయిదవ, ఏడవవారు రాత్రియెల్ల తిరిగినను రారు. ఆ బాలిక లెక్క సరియైనది. మరునాడు తరగతి యెదుట నామాట చెప్పితిని.

పిమ్మట నాకు వేరొక యనుమానము కలిగెను. ఆ దాయాది బాలురను నేను నిలిపిన స్థానములు జ్ఞాపకము తెచ్చుకొనగా, వా రెదురుపడవలసినవారే. ఎందుకు పడలేదు? వెలుపలి వలయములోని వానిని బిలిచి యడిగితిని. వాడు చాలసేపు కాలి బొటనవ్రేలితో నేల రాచి, మొదటి సాయంకాలమే ప్రక్కవానితో స్థానము మార్చుకొంటినని చెప్పెను. "ఒక్కటి జరిగితే వాడెప్పుడును రాడని నాకు తెలిసినది" అనెను. లెక్కలలో నూటికి ముప్పది దాటని పిల్లవాడు! నేను గింజలు పేర్చి రాత్రి యంతయు తెలిసికొన్నదానిని వాడు నిలిచినచోటనే తెలిసికొనెను. కోపపడవలెనో మెచ్చుకొనవలెనో తోచలేదు.

దీనిని సవరించుటకు రెండు మార్గములున్నవి. జంటలను ఏడు చేసినచో, రెండు వలయములు తిరిగినను ప్రతివాడును ఏడుగురిని గలియును. రెండేసి స్థానముల చొప్పున బోయినను బేసిసంఖ్య గనుక ఎవ్వరును తప్పిపోరు. లేదా ఒక వలయమును నిలిపి రెండవదానినే జరుపవలెను. నేను రెండవదానిని ఎంచుకొంటిని. కాని చెప్పుటకు ముందు ఆ యిరువురిని వేరుగా బిలిచి సంగతి తెలిపితిని. వార్షికోత్సవమునాడు ఇరువురి తండ్రులును ఎదుట గూర్చుండియుందురు. ఇంటిలో మాట పడవలసినది నేను గాదు, వారు. పెద్దలు తీర్చుకొనని దానిని పిల్లల కోలలమీద పెట్టుటకు నాకధికార మున్నదా యని ఆ రాత్రి గూడ నిద్ర పట్టలేదు. "ఇష్టము లేనియెడల మానుకొనుడు, ఏడు జంటలతో నాడింతును, మీమీద నాకేమియు నుండదు" అంటిని. లోపలివాడు వెంటనే యాడుదుననెను. వెలుపలివాడు మాటలాడలేదు, సాయంకాలమునకు మాత్రము కోలలతో వచ్చెను.

మూడవ జరుగుటలో వా రెదురైరి. ఒకటవ మాత్ర బాగుగనే పడినది. రెండవ మాత్రకు లోపలివాడు కోల చాచెను, వెలుపలివాడు చాపలేదు. ఆ కోల గాలిలో పోయి, వాడు తూలి, ప్రక్క జంట లయ తప్పి, వలయమంతయు నిలిచిపోయెను. నేను ఈల వేసి మరల మొదటినుండి యారంభించితిని. రెండవమారు కోల చాచెను గాని చప్పుడు రాలేదు. పాము పుల్లను దాకినట్లు తాకించెను. "వినబడలేదు, మరల" అంటిని. ఎవరి పేరును చెప్పలేదు. మూడవమారు మ్రోగెను. చింతచెట్టుమీది కాకులు లేచినంత గట్టిగా మ్రోగెను. బిగించి పట్టినాడని నాకు తెలిసెను; ఎదుటివాని వ్రేళ్లను గూర్చి భయపడితిని. ఆ దినమున దిద్దలేదు. తరువాత వారము దినములకు పిడికిలి తానే వదులైనది.

వార్షికోత్సవమున ఆట జరిగినది. తండ్రు లిరువురును చూచిరి. ఎవరి దారిని వారు పోయిరి. వ్యాజ్యము నేటికిని నడుచుచున్నది. పిల్లలు మాత్రము అటుపిమ్మట ఒక సైకిలుమీద బడికి వచ్చుట నేను జూచితిని. ఊరు దగ్గరపడగానే ఒకడు దిగి నడచెడివాడు.

దసరాకు వచ్చి లిండీ హాప్ చూపినవాడు ఆ వెలుపలి వలయమువాడే. కాఫీ త్రాగుచు, ఆ తరగతిలో జంటలను మార్చుట ఎట్లని యడిగితిని. "అనుసరించువారు నిలిచియుందురు, నడిపించువారు మాత్రమే ఒక్కొక్క స్థానము జరుగుదురు. అందరును అందరితో నాడవలసినదే. మొదటి దినముననే లెక్క వేసి చూచితిని, అయ్యవారూ" అని నవ్వి, తొమ్మిది జంటలతో రెండు వలయములును తిరిగినచో నేమగునో చెప్పుమని నన్నే యడిగెను. చింతగింజలు దొరకు పిల్లలు ఇంటివద్ద పేర్చి చూతురుగాక.